చిన్నబోయే గొంతు

గురువారం పది గంటలకు
నేను ఒక గొంతునవుతాను.

కాస్త్రో ఆసుపత్రి, రెండో అంతస్తు,
హీటరు చెడిపోయిన గది, భుజాల మీద శాలువా.
కిటికీ కింద చెక్క కాళ్ల మీద నిలబడ్డ ఇళ్లు
సముద్రం పోటెక్కడం కోసం చూస్తుంటాయి.
ఇక్కణ్ణుంచి రెండు పడవలు మారితే అతని దీవి.
గాలి లేచిన రోజున పడవలు కదలవు.
ఫోను మాత్రం, ఒక్కోసారి, వెళ్తుంది.

నొల్బెర్తో కార్కమో, నలభై రెండేళ్లు.
ఫైల్లో నా దస్తూరితోనే ఉంది: "సహకరించడు."
ఆ మాట రాసేనాటికి అతన్ని చూడనే లేదు.
ఇప్పటికైనా చూశానని చెప్పలేను.

కెమెరా కన్నట. ఎవరిదో కన్నట.
సరే, మొహం వద్దు, ఇంకేదైనా చూపించు అన్నాను.
దుంప చూపించాడు.
అప్పట్నుంచి వారానికో దుంప:
వంకాయ తొక్క రంగుది,
పిల్లి గోరులా వంకర తిరిగింది,
కోస్తే లోపల ఊదా చక్రం ఉన్నది.
నేను దుంపను పట్టుకున్న చేతిని చూస్తాను.
గోళ్లు కత్తిరించుకున్నాడు. వణుకు కాస్త తగ్గింది.
బొటనవేలి మీద కాలిన మచ్చ, కొత్తది.
అన్నీ రాసుకుంటాను, దుంపను మెచ్చుకుంటూనే.

ఫిబ్రవరిలో ఫోన్ని సంచిలో చుట్టి పొలంలో పాతేశాడు.
అందులో నేను కాపురముంటున్నానని అనుమానం.
మూడు గురువారాలు ఎవరూ ఎత్తలేదు.
నాలుగో వారం, వాళ్లక్క ఎర్మిందా దుంపలు తవ్వుతుంటే
దొరికానట.
"ప్రాణం ఉందింకా, తుడిచి ఎండబెట్టాను" అంది,
ఫోను గురించో, నా గురించో.

ఒకరోజు అడిగాడు:
"నువ్వూ వాళ్లలో ఒకతివి కాదని ఏమిటి రుజువు?"

శిక్షణలో దీనికేదో జవాబు చెప్పారు. గుర్తు రాలేదు.
నిజమే కదా, మనిషి లేని గొంతును.
పేరు పెట్టి పిలుస్తాను. తిన్నావా అంటాను,
నిద్ర పట్టిందా, మాత్ర వేసుకున్నావా,
చచ్చిపోవాలనిపిస్తోందా అంటాను.
వాళ్లూ ఇవే అంటారట.
చివరిది మాత్రం ప్రశ్నలా అనరట.

చాలాసేపు వాన విన్నాం.
అతని రేకుల మీద వాన ఒకటి, నా అద్దం మీద ఇంకొకటి.
అప్పుడన్నాను: ఫోను చెవికి దూరంగా పెట్టు.
ఇంకా దూరం. బల్ల మీద వదిలి పొయ్యి దాకా నడువు.
నేను మాట్లాడుతూనే ఉన్నాను, నోటికొచ్చింది,
మా అమ్మాయి తడి బూట్లు, రాని బస్సు.
తిరిగొచ్చాడు. ఊపిరి దగ్గరైంది.
"చిన్నబోయావు," అన్నాడు.
"వాళ్లు చిన్నబోరు."

పదహారేళ్ల నౌకరీలో
చిన్నబోయి ఇంత సంబరపడింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు ప్రతివారం ముందు ఆ నడక,
పొయ్యి దాకా, వెనక్కి.
నెలకోసారి అతని రక్తం
చేపల ఐసు పెట్టెలో పక్క చూపు చూస్తూ వస్తుంది.
తెల్లకణాలు లెక్కకు సరిపోతే
అదే పడవలో మాత్రలు వెనక్కి వెళ్తాయి.
సీసాకి నీచు వాసన అంటాడు. ఉంటుంది మరి.

ఇదంతా మంచిగా నడిచిందని కాదు.
జూన్లో ఆరు రాత్రులు కన్ను మూయలేదు,
నేవీ పడవను పంపాల్సొచ్చింది.
ఆ కాయితం మీద సంతకం నాది. అతనికి తెలుసు.
ఇంటికొచ్చాక రెండు వారాలు దుంప లేదు,
గోడ చూపించాడు.
గోడనీ మెచ్చుకున్నాను. అబద్ధం కాదు, మంచి చెక్క.

నిన్న సగం మాటలో సిగ్నలు తెగింది.
ఫారంలో దానికో గడి ఉంది, టిక్కు పెట్టాను.

సాయంత్రం డ్యూటీ దిగాక ఫోను మోగింది.
అటునుంచి రావడం ఇదే మొదలు.
"ఎర్రది ఉడకేశాను. ఉప్పెక్కువైంది," అంటున్నాడు,
అక్క తిట్టిన తిట్లు వరసగా అప్పజెబుతున్నాడు.
బస్టాపులో, తడి బెంచీ పక్కన,
ఫోన్ని చెవికి కొంచెం దూరంగా పట్టుకున్నాను.

చిన్నబోయాడు.

మళ్లీ చెవికి ఆనించుకున్నాను.
బస్సు వచ్చింది, పోనిచ్చాను.